కడుపు ఆపరేషనేనండీ

ఒక మాట నన్ను పట్టుకుని ఏళ్లయింది. ఇంకెవరో నన్ను అన్న మాటైతే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. నేను అన్న మాట అది. రెండే ముక్కలు, చివర మర్యాదగా ఒక "అండీ" కూడా ఉంది. దాన్ని మోసుకుంటూనే ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను, ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లి భోజనాలు బాగున్నాయని చెప్పి వచ్చాను. ఎవరితోనూ అనలేదు. మీతో చెబుతున్నాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు, చెప్పాక మీ మొహం చూడక్కర్లేదు. ఇది పిరికితనమే. కానివ్వండి.

పొద్దుటి నుంచి ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి మర్చిపోతే పొంగి, ఇగిరి, గిన్నె మాడింది. ఏడుపు రావడం లేదు నాకు. చిరాకు వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఇంటి ఇబ్బందుల దగ్గర మొదలుపెడితే మీకు నా మీద జాలి కలుగుతుంది. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి అక్కడ మొదలుపెట్టను. ఉద్యోగం దగ్గర మొదలుపెడతాను.

డెబ్బైల్లో నేను విజయవాడలో ఒక ఆస్పత్రి రికార్డు రూములో గుమస్తాని. ఆస్పత్రి పేరు చెప్పను. తప్పు నాది, దానికి పూయడం దేనికి? రోగి ఇంటికి వెళ్లిపోయాక ఆ కేస్ షీటు నా బల్ల మీదికి వచ్చేది. డాక్టరు రాసిన జబ్బు పేరు చదివి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో వెతికి, దానికి తగిన అంకె వెయ్యాలి. కోడు వెయ్యడం అనేవాళ్లం దాన్ని. ఏ దేశంలోనైనా ఆ జబ్బుకి అదే అంకెట. గుంటూరు దాటి ఎరగని నేను వేసిన అంకె ఎక్కడి వాళ్లకైనా అర్థమవుతుందంటే నాకు లోపల్లోపల గొప్పగా ఉండేది.

అల్సర్లకి మా డెల్టాలో కొదవ లేదు. దివిసీమ నుంచి, కైకలూరు నుంచి, మా హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల నుంచి పొట్ట పట్టుకుని వచ్చేవాళ్లు. మంట పుట్టినప్పుడల్లా వంట సోడా నీళ్లలో కలుపుకు తాగీ తాగీ, ఇక తట్టుకోలేక వచ్చేవాళ్లు. కారం వల్ల అనేవాళ్లు కొందరు, కాఫీ వల్ల అనేవాళ్లు కొందరు. నాకు మాత్రం కావలసింది చోటు. పుండు జీర్ణాశయంలో ఉంటే 531. దాని దిగువన, చిన్నపేగు మొదలయ్యే దగ్గర ఉంటే 532. ఎక్కడుందో డాక్టరు రాయకపోతే 533. రక్తం పోతోందా, చిల్లు పడిందా అన్నది చెప్పడానికి చివర ఒక చుక్క, చుక్క పక్కన ఇంకో అంకె.

చేరిన కొత్తల్లో నేను 533 ధారాళంగా వేసి పారేసేదాన్ని. ఎవరు వెతుకుతారు? ఒకరోజు సర్జన్ గారు పిలిపించారు. "ఏమ్మా, నీకు అంతా కడుపేనా? కడుపంటే ఇల్లమ్మా. దొంగ ఏ గదిలో దూరాడో చెప్పొద్దూ?" అన్నారు నవ్వుతూనే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి చోటు రాయని కేస్ షీటు పట్టుకుని వార్డుల్లోకి వెళ్లి, కుర్ర డాక్టర్లను ఆపి, "ఎక్కడండీ? పుండు ఎక్కడండీ?" అని ప్రాణాలు తీసేదాన్ని. చివరికి నా పేరే ఎక్కడండీ అయిపోయింది. "అదుగో, ఎక్కడండీ గారొస్తున్నారు" అని వాళ్లు మెట్లు దిగి పారిపోయేవాళ్లు. నాకు అదో సరదా.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, కడుపు అనే మాట ఎంత డొల్ల మాటో తెలియక అన్నానని మీరు అనుకోకూడదు. తెలుసు. నాకు తెలిసినంత మా పేటలో ఎవరికీ తెలియదు.

మా ఊరు హనుమాన్ జంక్షన్ అవతల, కాలవ గట్టు పక్కన. క్రైస్తవుల పేట. ఒక గుడి, గుడి వెనకాల మిషను బడి. ఆ బడిలో టీచరు దయామణి. తండ్రి లేడు, తల్లి నాట్లకీ కలుపుకీ వెళ్లి చదివించింది. గుడిలో పాట ఎత్తుకునేది కూడా దయామణే. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. ఎవరింట్లో జ్వరం వచ్చినా వెళ్లి కూర్చునేది, ఎవరి పిల్లాడు బడికి రాకపోయినా ఇంటికెళ్లి లాక్కొచ్చేది. అందరికీ మంచిది. నాకూ మంచిదే. ఆ మంచితనం నాకు గిట్టేది కాదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా ఇది కూడా రాయాలి.

ఇక మా చెల్లెలు సులోచన. టీచరు ట్రైనింగు పాసై ఇంట్లో ఖాళీగా ఉంది. ఆ బడిలో ఖాళీ వచ్చినప్పుడు దానికంటే ముందు పాసైంది గనక దయామణికి ఇచ్చారు. అన్యాయమేమీ లేదు అందులో. అయినా నేను సెలవుకి ఇంటికి వెళ్లినప్పుడల్లా మా అమ్మ అన్నం వడ్డిస్తూ అదే మాట. ఆ పిల్లకి దొరికింది, మన పిల్లకి దొరకలేదు. వినీ వినీ నాకు కూడా ఆ కుర్చీ మాదే అన్నట్టు ఉండేది.

ఆ ఏడాది ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాల్లో దయామణి ఉపవాసాలు పట్టింది. నలభై రోజులూ పగలు ఏమీ తినకుండా బడి చెప్పడం, తలనొప్పి వస్తే ఖాళీ పొట్ట మీద మాత్ర మింగడం. ఒకరోజు పాఠం చెబుతూ చెబుతూ పొట్ట పట్టుకుని నేల మీద పడిపోయింది. హెడ్మాస్టరు గారు పరుగున రోడ్డు మీదికి వెళ్లి, పోయే లారీని ఆపి, ముందు సీట్లో పడుకోబెట్టి, తానూ ఎక్కి విజయవాడ తెచ్చి మా ఆస్పత్రిలో చేర్చారు. పుండు చిల్లు పడింది. ఆ సాయంత్రమే పొట్ట కోసి కుట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని సర్జన్ గారు అన్నారు. నేను వార్డుకి వెళ్లి చూశాను. నిమ్మకాయ నీళ్లు తాగొచ్చా అని అడిగింది నన్ను. వద్దన్నాను.

కేస్ షీటు నా దగ్గరికి వచ్చింది. చిన్నపేగు మొదట్లో పుండు, చిల్లు. డాక్టరు చాలా స్పష్టంగా రాశారు. 532 వేసి, చుక్క పెట్టి, పక్కన చిల్లు అంకె వేశాను. ఎవరినీ "ఎక్కడండీ" అని అడగాల్సిన పని కూడా లేకపోయింది.

పేటలో మాత్రం మరో కథ నడిచింది. ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే జనానికి ఒకటే అర్థం. ఎక్కడ గోడ చూసినా కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమే. పెళ్లి కాని పిల్ల, పొట్ట మీద నిలువునా కుట్లు, లారీలో పక్కన హెడ్మాస్టరు. ఆయన మంచికి పోయి చేసిన పనే ఆ పిల్ల మెడకు చుట్టుకుంది. కడుపు ఆపరేషన్ అయిందంట అని ఒకరు, ఏం కడుపో అని ఇంకొకరు. తెలుగువాళ్ల కడుపు ఎన్ని రకాలో మీకు నేను చెప్పక్కర్లేదు. కడుపు నిండుతుంది, కడుపు మండుతుంది, కడుపు వస్తుంది, కడుపు పోతుంది.

సంగతేమిటో కనుక్కురమ్మని మా గుడి స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మ గారిని పంపారు. ఈస్టర్ అయిపోయింది, ఎండలు ముదిరాయి. బస్సు దిగి, గొడుగు వేసుకుని, రికార్డు రూము వెతుక్కుంటూ వచ్చారు. నేను లేచి కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాను.

"ఎట్టా ఉంటన్నారే అమ్మాయ్ ఈ బెజవాళ్లో, నిప్పుల గుండంలాగా ఉంటే?" అన్నారు. సగం గ్లాసు తాగి, గొంతు తగ్గించి, "దయామణి సంగతే వచ్చాను. పేటంతా ఒకటే గోల. అసలేం ఆపరేషనో నీకైతే తెలిసుద్దిగా" అన్నారు.

"కేస్ షీటులో ఉన్నది బయటికి చెప్పకూడదండీ. రూలు."

"వద్దులే తల్లీ, నీ ఉద్యోగానికి ఎసరు పెడతానా నేను? ఒక్క మాట చాలు. కడుపు ఆపరేషనేనా?"

ఫ్యాను గాలికి బల్ల మీది కాగితాలు లేస్తుంటే గాజు పేపర్‌వెయిట్ జరిపి పెట్టాను. ఆవిడ ఏ కడుపు అడుగుతున్నారో నాకు తెలుసు. సులోచన మొహం కళ్ల ముందుకు వచ్చింది. వచ్చిందా, తర్వాత నేను తెచ్చి పెట్టుకున్నానా? వచ్చింది. ఇక్కడ నాకు అనుమానం లేదు.

"కడుపు ఆపరేషనేనండీ" అన్నాను.

ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు. ఇంకా మెల్లిగా, "ఎన్నో నెలంటమ్మా?" అని అడిగారు.

"అది నేను చెప్పకూడదండీ."

అంతే. ఆవిడ నా చెయ్యి నొక్కి, నా పేరు బయటికి రానివ్వనని చెప్పి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

మొదటి మాటకి ఏదో ఒక సాకు దొరుకుతుంది నాకు. పొట్ట కోశారా, కోశారు. మా వైపు పొట్టని కడుపనే అంటారు. అబద్ధమెక్కడుంది? ఎన్నో ఏళ్లు ఆ సాకు మీదే బతికాను. రెండో మాటకి ఏ సాకూ దొరకదు. నెల లెక్క అడిగాక కూడా "అయ్యో, అదేం కాదండీ, పేగులో పుండు" అని అరిచి చెప్పాల్సింది. దానికి ఏ రూలూ అడ్డం రాదు, వచ్చినా నేను లెక్క చెయ్యక్కర్లేదు. రూలు అప్పుడు గుర్తొచ్చింది నాకు! రోగి గుట్టు కాపాడమని పెట్టిన రూలుతోనే ఆ పిల్ల గొంతు కోశాను. నోరు జారిందని చెబితే మీరు నమ్ముతారు. జారలేదు. ఆచి తూచి అన్నాను.

గుడి సంఘ కమిటీ కూర్చుంది. ఇదంతా మా అమ్మ చెప్పగా విన్నాను. దయామణి డిశ్చార్జి కాగితం చూపించిందట. అది ఇంగ్లీషులో ఉంది, ఆ జబ్బు పేరు పాస్టరు గారికి కూడా కొత్తే. కాగితం హెడ్మాస్టరు ఎట్టా కావాలంటే అట్టా రాయించి ఉంటాడన్నారట ఎవరో. ఆస్పత్రిలో నమ్మకమైన మనిషే చెప్పిందని, పేరు మాత్రం అడగొద్దని ప్రెసిడెంటమ్మ గారు అన్నారట. నమ్మకమైన మనిషి. మా అమ్మ ఆ మాట చెబుతుంటే నేను చేపల పులుసు కలుపుకుంటున్నాను. కలుపుకుని తిన్నాను కూడా.

అప్పటికి ఆఖరి తీర్మానం ఇంకా కాలేదు. ఆ వారంలోనే దయామణి నా దగ్గరికి వచ్చింది, కుట్లు పచ్చిగా ఉండగానే, బస్సులో కుదుపులు పడి. ఆదివారం పేటకి వచ్చి, ఆ కాగితంలో ఏముందో అందరి ముందు తెలుగులో ఒక్కసారి చెప్పమని అడిగింది. నువ్వు చెబితే నమ్ముతారక్కా అంది. నాకు సెలవు దొరకదని చెప్పాను. ఆదివారం నాకు ఎలాగూ సెలవే. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. ఎన్నో ఆదివారాలు గుడిలో నా పక్కనే నిలబడింది. కాస్త సేపు బల్ల పట్టుకుని నిలబడి, వెళ్లొస్తానక్కా అని వెళ్లిపోయింది.

దయామణికి గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకుండా ప్రభువు బల్ల నుంచి తప్పించారు. పాట ఎత్తుకోవద్దన్నారు. జూన్‌లో బడి తెరిచేసరికి టీచరుగా వద్దన్నారు. హెడ్మాస్టరు గారు తలెత్తుకోలేక వేరే ఊరు వెళ్లిపోయారు. ఆ కుర్చీలో మా సులోచన కూర్చుంది. మా అమ్మ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించింది. దేవుడు మా మొర ఆలకించాడని పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే, నేను తల వంచుకుని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. గట్టిగా ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. భయానికా? లేక నిజంగానే సంతోషించానా? సంతోషించాను. రెండూ ఉన్నాయి.

కొన్నేళ్లకి ఒక కేస్ షీటు నా బల్ల మీదికి వచ్చింది. అదే పేరు, అదే ఊరు. పుండు మళ్లీ తిరగబెట్టి, మళ్లీ పొట్ట కోసి, ఈసారి పేగుకి వేరే దారి కలిపారట. అన్ని రోజులు ఆ పిల్ల పై అంతస్తులో పడుకుని ఉందని నాకు తెలియనే తెలియదు. వృత్తి అన్న చోట మొదటిసారి టీచరు అని ఉండేది. ఈసారి కూలీ అని ఉంది. వార్డు గుమస్తా మామూలుగా రాసి పడేశాడు, రోజుకి ఎంతమందికి రాస్తాడో. నేను ఆ మాట మీద వేలు పెట్టి కూర్చున్నాను. పక్క సీటావిడ తలనొప్పా అని అడిగింది. అవునన్నాను. తర్వాత పుస్తకం తెరిచి, సరైన అంకె వెతికి, సరిగ్గానే వేశాను.

ఆ తర్వాత పరీక్షకి వచ్చినప్పుడు పాత కార్డు వెతికించుకోవడానికి దయామణి మా కిటికీ దగ్గరికి వచ్చింది. చిక్కిపోయింది. చేతులు ఎండకి నల్లబడి, గోళ్లలో పొలం మట్టి. నన్ను చూసి నవ్వింది. సులోచన పాఠాలు బాగా చెబుతోందని పిల్లలు అనుకుంటున్నారని చెప్పింది. ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. ఎగతాళి లేదు. కార్డు అందిస్తూ, "ఇప్పుడు కడుపెలా ఉందే?" అనేశాను.

"కడుపు కాదక్కా, పేగు" అంది దయామణి. కార్డు తీసుకుని, కొంగులో పెట్టుకుని, మెట్లు దిగింది.

తెలిసే అందా? మామూలుగా అందా? డాక్టర్లు చెప్పగా చెప్పగా అలవాటైపోయి అందా? ఈ ప్రశ్న పెట్టుకుని ఎన్నిసార్లు పక్క మీద నుంచి లేచి కూర్చున్నానో. వెనకాలే పరిగెత్తి కాళ్లు పట్టుకుని ఉండొచ్చు. కిటికీ ముందు వరసలో ఇంకా మనుషులున్నారు, కార్డులు వెతుకుతూ ఉండిపోయాను. తల్లి పోయాక దయామణి ఊరు విడిచి ఎటో వెళ్లిపోయిందన్నారు. ఎటో నాకు తెలియదు. నేను పెద్దగా వెతకలేదు కూడా. ప్రెసిడెంటమ్మ గారు పోయారు, మా అమ్మ పోయింది. సులోచన హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది, మంచి టీచరని పేరు తెచ్చుకుంది. దానికి ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. చదవకూడదని ఒక పక్క, చదివితే బాగుండునని ఇంకో పక్క నన్ను పీకుతున్నాయి.

ప్రతి ఆదివారం గుడిలో అందరితో కలిసి నేను పాపినని ఒప్పుకుంటూనే ఉన్నాను. అందరూ ఒకే గొంతుతో అంటారు గనక చాలా సుఖంగా ఉంటుంది. ఏ పాపం, ఎవరికి చేసింది, ఎప్పుడు, ఏ నోటితో, ఎవరూ అడగరు. ఇన్నేళ్లూ దేవుడి దగ్గర నేను 533 వేసుకుంటూ వచ్చాను. డాక్టర్లను మెట్ల మీద తరిమిన ఎక్కడండీ గారు తన సంగతి వచ్చేసరికి ఎక్కడా అని ఒక్కసారి అడగలేదు.

అందుకే పేరు లేని ఈ కాగితం మీద చోటు చెబుతున్నాను. దీనితో దయామణికి పోయినవేవీ తిరిగి రావు, నన్ను క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు. క్షమించడానికి మీరెవరు, చెప్పండి? విన్నారు, చాలు. ఆ మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని ప్రెసిడెంటమ్మ గారు అడిగినదానికి నేను ఇవ్వాల్సిన జవాబు ఇది. పొద్దుటి నుంచి కూర్చుంటూ లేస్తూ ఉన్నది దీన్ని రాయలేకే.

కాదండీ. కడుపు కాదు. చిన్నపేగు మొదట్లో పుండు చిల్లు పడితే కుట్టారు. ఉపవాసాల మీద మాత్రలు మింగింది పిచ్చిపిల్ల. గర్భం లేదు, ఏమీ లేదు. కేస్ షీటు నా చేతిలోనే ఉంది, నేను చదివాను, నాకు తెలుసు.

రాసేశాను. గిన్నె తోముకోవాలి, ఇల్లంతా మాడు వాసన. అయినా కాసేపు ఇలాగే కూర్చుంటాను.